పేరు చెక్కుకోని చేతులు – యనాగి సోయెత్సు జీవితం



జపాన్ యాత్రకు వెళ్ళేవాళ్ళకు ఇప్పుడు విహారాలతో పాటు ఇంకో రెండు చోట్లు చూపిస్తున్నారు. ఒకటి కుమ్మరి ఊరు. అక్కడ సారె ముందు కూర్చోబెట్టి, మట్టిముద్ద చేతికిచ్చి, గిన్నె చేయమంటారు. అది ఆరి, ఆవంలో కాలి, కొన్ని వారాల తర్వాత పార్సిల్లో ఇంటికొస్తుంది. రెండోది సాకే తయారుచేసే ఇల్లు. సాకే అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం. అడుగున రెండు నీలి వలయాలు గీసిన తెల్లని చిన్న గిన్నెలో పోసి రుచి చూపిస్తారు. ఆ వలయాల మీద పోస్తే సాకే ఎంత తేటగా ఉందో కంటికి తెలిసిపోతుందట.

రెండు చోట్లా యాత్రికుడి చేతిలో ఉండేది ఒక గిన్నే. మామూలు గిన్నె చేసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఆ పేరులేని చేతుల గురించి ఏళ్ళకు ఏళ్ళు ఆలోచించిన మనిషి యనాగి సోయెత్సు. యాత్రికులు ఇవాళ కుమ్మరి ఊళ్ళు వెతుక్కుంటూ వెళ్తున్నారంటే దాని వెనక ఆయన శ్రమ చాలా ఉంది. కులవృత్తి అనే మాట వింటేనే గుండె కలుక్కుమనే మనకు ఆయన జీవితంలో తీసుకోవలసిందీ ఉంది, పక్కన పెట్టవలసిందీ ఉంది.

ఆయన 1889 మార్చి 21న టోక్యోలో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో పెద్ద అధికారి, సముద్రాల లోతులు కొలిచి పటాలు తయారుచేయించినవాడు. కొడుకు ఊహ తెలియకముందే చనిపోయాడు. అయినా ఇంట్లో లోటు లేదు. గకుషుయిన్ అనే బడిలో చదివాడు. అది రాజవంశీకుల పిల్లలు, జమీందార్ల పిల్లలు చదివే బడి. అక్కడ ఆయనకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు డి.టి. సుజుకి. జెన్ బౌద్ధాన్ని పడమటి దేశాలకు పరిచయం చేసినవాడు ఆయనే. ఆ గురుశిష్యుల స్నేహం చివరిదాకా నిలిచింది.

1910లో కొందరు మిత్రులు కలిసి షిరకబా అనే పత్రిక పెట్టారు. యనాగి అందులో యూరపు చిత్రకారుల గురించి రాసేవాడు. 1913లో టోక్యో విశ్వవిద్యాలయంలో చదువు ముగించాడు. మరుసటి ఏడు ఇంగ్లీషు కవి విలియం బ్లేక్ మీద లావుపాటి పుస్తకం తెచ్చాడు. కనెకో అనే గాయనిని పెళ్ళి చేసుకున్నది ఆ ఏడే. అప్పటికి ఆయన చూపంతా పడమటి వైపే. దాన్ని తిప్పినది ఒక కూజా.

1914లోనే కొరియాలో బడిపంతులుగా పనిచేస్తున్న అసకావా నొరితక అనే జపానీయుడు ఆయనింటికి వస్తూ పాతకాలపు కొరియా కూజా ఒకటి పట్టుకొచ్చాడు. తెల్లది, పెద్ద ఆడంబరం లేనిది. యనాగి దాని ముందు నిలబడిపోయాడు. ఇది చేసిందెవరు, దీన్ని వాడిందెవరు అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1916లో స్వయంగా కొరియా వెళ్ళాడు. తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు.

అప్పటికి కొరియా స్వతంత్ర దేశం కాదు. 1910లో జపాన్ దాన్ని కలిపేసుకుంది. 1919 మార్చి 1న కొరియా జనం స్వాతంత్ర్యం కోసం వీధుల్లోకొచ్చారు. జపాన్ సైన్యం, పోలీసులు వాళ్ళను కాల్చారు, కొట్టారు, జైళ్ళలో తోశారు. జపాన్‌లో చదువుకున్నవాళ్ళలో ఎక్కువమంది నోరెత్తలేదు. ఆ మే నెలలో యనాగి యోమియురి పత్రికలో రాశాడు. కొరియన్ల కళను మెచ్చుకుంటూ కొరియన్లను తొక్కడం ఎలా కుదురుతుందని తన దేశాన్నే అడిగాడు. అధికారి కొడుకు, అధికార వర్గం బడిలో చదివినవాడు అలా రాయడం చిన్న సంగతి కాదు. పోలీసుల నిఘా పడింది. రాతలకు సెన్సారు కత్తెర పడింది.

1922లో సియోల్‌లో రాజభవనం ముందున్న గ్వాంగ్‌హ్వామున్ ద్వారాన్ని కూల్చి, కొత్త పాలనా భవనానికి చోటు చేయాలని ప్రభుత్వం చూసింది. ఆ ద్వారాన్ని ఒక మనిషిగా భావించి, చావబోతున్న మనిషి కోసం ఏడ్చినట్టు యనాగి వ్యాసం రాశాడు. గొడవ పెద్దదై, ద్వారాన్ని కూల్చకుండా విప్పి వేరే చోటికి మార్చారు. 1924లో అదే రాజభవనం ఆవరణలో కొరియా జానపద కళల మ్యూజియం పెట్టాడు. కొరియా వస్తువులు కొరియాలోనే, కొరియా జనం కళ్ళముందే ఉండాలన్నది ఆయన పట్టుదల. ఈ పనిలో ఆయనకు కుడిభుజం నొరితక తమ్ముడు అసకావా టకుమి. అతను అటవీశాఖలో చిన్న ఉద్యోగి. కొరియా భాష నేర్చుకుని, కొరియా బట్టలు కట్టి, ఆ జనం మధ్యే బతికి, 1931లో చనిపోయి అక్కడి మట్టిలోనే కలిశాడు.

మరి మ్యూజియానికి డబ్బెక్కడిది? చాలామంది రాయని సంగతి ఇది. యనాగి భార్య కనెకో కొరియాలో ఊరూరా కచేరీలు చేసి పాడిన డబ్బు అందులో పెద్ద భాగం. ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ, భర్త వస్తువులు కొంటుంటే ఖర్చులు మోస్తూ, ఎనభై దాటాక కూడా పాడిన మనిషి ఆమె. పేరులేని చేతుల గురించి అంత రాసిన ఇంట్లో కూడా ఆ ఇంటి ఇల్లాలి పేరు వెనక వరసలోనే ఉండిపోయింది.

ఇక్కడే ఇంకో మాట. కొరియా కళలో ఉన్నది దుఃఖంలోంచి పుట్టిన అందమని యనాగి రాశాడు. తర్వాతి కాలంలో కొరియా మేధావులు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. మమ్మల్ని ఎప్పుడూ ఏడ్చే జనంగా చూపడం కూడా పాలకుడి చూపేనన్నారు. వాళ్ళది న్యాయమైన మాట. జాలిపడేవాడు కూడా పైనుంచే చూడవచ్చు. మన పేటల్లోకి వచ్చి జాలిపడి పోయినవాళ్ళను మనం ఎందర్ని చూడలేదు! అయితే కొరియా ఆయన్ని ఆ తప్పుతోనే కొలిచి ఊరుకోలేదు. 1984లో, ఆయన పోయిన ఇన్నేళ్ళకు, దక్షిణ కొరియా ప్రభుత్వం సాంస్కృతిక పురస్కారం ఇచ్చింది.

1923లో టోక్యో ప్రాంతంలో మహా భూకంపం వచ్చింది. మరుసటి ఏడు యనాగి కుటుంబం క్యోటోకు మారింది. ఆ 1924 జనవరిలోనే యమనాషి ప్రాంతంలో ఒకరింట్లో కొరియా కుండలు చూడటానికి వెళ్తే, ఓ మూల రెండు కొయ్య విగ్రహాలు కనిపించాయి. నవ్వుతున్న ముఖాలు. పద్దెనిమిదో శతాబ్దంలో దేశమంతా కాలినడకన తిరిగిన మొకుజికి అనే భిక్షువు చెక్కినవి అవి. ఆ భిక్షువు వెయ్యికి పైగా విగ్రహాలు చెక్కి, వెళ్ళిన ఊళ్ళోనే వదిలిపోయాడు. పండితులెవరూ ఆయన్ని పట్టించుకోలేదు. యనాగి ఊరూరా తిరిగి వందల విగ్రహాలు వెతికి, ఆయన చరిత్రను వెలికి తీశాడు.

ఆ వెతుకులాటలోనే, 1925 చివర్లో, కుమ్మరి మిత్రులు హమాదా షోజి, కవాయి కంజిరోతో కలిసి ప్రయాణం చేస్తూ ఒక కొత్త మాట కట్టారు. మింగెయి. మిన్ అంటే జనం, గెయి అంటే కళ. రాజుల కోసం, గుళ్ళ కోసం, ధనికుల గాజు బీరువాల కోసం కాకుండా మామూలు జనం రోజూ వాడుకునే వస్తువు అన్నమాట. అన్నం గిన్నె, ఊరగాయ జాడీ, నీలిమందు అద్దిన బట్ట, వానకు కప్పుకునే గడ్డి తొడుగు, గడ్డి చెప్పులు. వీటిల్లోనే అసలైన అందం ఉందని, పేరు కోసం చేసినదానికంటే పని కోసం చేసినదే గొప్పదని ఆయన వాదం.

ఈ వాదానికి ఆయన చూపిన సాక్ష్యాల్లో మషికో ఊరి ముసలమ్మ ఒకరు. మినగావా మసు ఆమె పేరు. 1874లో పుట్టి, చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే టీ కూజాల మీద కొండలు, నీళ్ళు, చెట్లు గీసే కూలిపని చేసింది. రోజుకు వందల కూజాలు. చదవడం రాయడం రాదు. ఒకే బొమ్మను లక్షలసార్లు గీసిగీసి, చెయ్యి ఆలోచన లేకుండా కదిలే స్థితికి వచ్చింది. తాను గీస్తున్నది కళ అని ఆమె అనుకోలేదు. ఆ గీతల్లో ఉన్న స్వేచ్ఛ పేరుమోసిన చిత్రకారులకు లేదని యనాగి రాశాడు.

ఈ చోట ఆగుదాం. ఒక పిల్ల చదువు లేకుండా రోజుకు వందల కూజాలు గీస్తే అందులో అందాన్ని చూడటం సరే. ఆ పిల్లకు బడి ఎందుకు లేదని అడగాలి కదా! మన తాతలు చెప్పులు కుట్టారు, డప్పులు బిగించారు, బట్టలు నేశారు, కుండలు చేశారు. వాళ్ళ చేతుల్లో ఉన్న నైపుణ్యం దేనికీ తీసిపోదు. కానీ వాళ్ళు పేరు వద్దనుకుని పేరు లేకుండా ఉండలేదు. పేరు పెట్టుకునే హక్కే ఇవ్వలేదు. కులం కేవలం పనుల విభజన కాదు, పనివాళ్ళనే మెట్లుగా విడగొట్టే ఏర్పాటు అని బాబాసాహెబ్ విప్పి చెప్పింది దీన్నే. చచ్చిన పశువుల్ని మోయడం మానండని మనవాళ్ళకు ఆయన చెప్పింది చేతిపనిని చులకన చేసి కాదు, బలవంతాన్ని తెంచమని.

జపాన్‌లోనూ ఈ గాయం ఉంది. తోలుపని, కబేళా పని, శవాల పని చేసేవాళ్ళను ఎతా అని వెలివేసి ఉంచారు. 1871లో ప్రభుత్వం ఆ భేదాన్ని కాగితం మీద రద్దు చేసింది. ఊళ్ళలో మాత్రం పోలేదు. 1922 మార్చి 3న ఆ జనం క్యోటోలో సభ పెట్టి సుయిహెయిషా అనే సంఘం కట్టుకున్నారు. ఆ పేరులోని సుయిహెయి అంటే నీటి మట్టంలా సమానమైనదని అర్థం. ఆ సభ జరిగిన రెండేళ్ళకే యనాగి కాపురం అదే క్యోటోకు వచ్చింది. చేతిపని చేసేవాళ్ళ గౌరవం గురించి ఆ ఊళ్ళో రెండు దారుల్లో ఆలోచన సాగింది. ఒకటి వస్తువు వైపు నుంచి, ఒకటి మనిషి వైపు నుంచి. మనం నిలబడే చోటు రెండోదే. అయినా మొదటిది చూపినదాన్ని వదులుకోనక్కర్లేదు.

1927లో క్యోటోలోని కామిగామోలో ఆయన ప్రోత్సాహంతో కొందరు యువకులు కలిసి బతుకుతూ నేత, అద్దకం, వడ్రంగం చేసే సహకార సంఘం పెట్టారు. పుట్టుకతో వచ్చిన వృత్తి కాదు, కోరి నేర్చుకున్న వృత్తి. రెండేళ్ళకే అది విడిపోయింది.

1931లో ఆయన రెండు చోట్లు చూశాడు. ఒకటి క్యోటోలోని దైతొకుజి ఆరామంలో భద్రపరచిన కిజయెమొన్ అనే టీ గిన్నె. జపాన్‌లో ఇంతకంటే గొప్ప టీ గిన్నె లేదని పేరు. పెట్టెలో పెట్టె, దాంట్లో పెట్టె, చివరికి పట్టుబట్టలోంచి బయటికి తీస్తే ఏముంది? కొరియాలో ఎవరో పేద కుమ్మరి పేదల అన్నం కోసం చేసిన మామూలు గిన్నె అని యనాగికి తోచింది. దాన్ని ఎన్నో చేతులు మారి ప్రభువులు కొలిచారు. చేసినవాడి పేరు ఎవరూ అడగలేదు. మనకో సంగతి గుర్తుకు రావాలి. డచ్చి ఓడలు కోరమండల్ తీరం నుంచి మోసుకెళ్ళిన అద్దకపు బట్టల్ని జపాన్‌లో సరసా అన్నారు. ఇలాంటి టీ సామాను దాచే సంచులు ఆ బట్టతో కుట్టించుకోవడం గొప్పగా ఉండేది. ఆ డచ్చివాళ్ళ వ్యాపారానికి మన మచిలీపట్నం ముఖ్యమైన రేవు. ఆ బట్ట అద్దిన చేతుల పేర్లూ ఎక్కడా లేవు.

రెండోది క్యూషూ దీవిలో కొండల మధ్య ఉన్న ఒంతా. 1705లో మొదలైన కుమ్మరి పల్లె. పది కుటుంబాల లోపే. మట్టి అందరిదీ, కలిసి తవ్వుకుంటారు. వాగునీళ్ళతో లేచి పడే కొయ్య రోకళ్ళు రాత్రింబవళ్ళు ఆ మట్టిని దంచుతాయి. సారె కాలితోనే తిప్పుతారు. గిన్నె మీద ఎవరి సొంత పేరూ వేయరు. యనాగి రాసిన వ్యాసంతోనే ఆ పల్లె బయటి ప్రపంచానికి తెలిసింది. ఈ కట్టుబాటు వాళ్ళు తమకు తాముగా పెట్టుకున్నది. అదే తేడా.

1936లో టోక్యోలోని కొమాబాలో నిహోన్ మింగెయికన్ తెరిచారు. జపాన్ జానపద కళల మ్యూజియం. ఓహారా మగొసబురో అనే మిల్లు యజమాని డబ్బిచ్చాడు. బాబాసాహెబ్ కుల నిర్మూలన ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించిన సంవత్సరం కూడా అదే. మ్యూజియంలో వస్తువు పక్కన పెద్ద వివరాలు ఉండవు. నల్లని చిన్న పలక మీద ఎర్రని అక్షరాల్లో రెండు మూడు మాటలు, అంతే. ముందు చూడాలి, తర్వాత తెలుసుకోవాలి అన్నది ఆయన పద్ధతి. చిన్నప్పుడు మన ఊళ్ళో ముందు కులం అడిగి, తర్వాత ముఖం చూసేవాళ్ళు. ఆ అలవాటుకు ఇది సరిగ్గా ఎదురు.

1938 చివర్లో ఒకినావా వెళ్ళాడు. అక్కడి బళ్ళలో పిల్లలు సొంత భాష మాట్లాడితే మెడలో చెక్క బిళ్ళ వేలాడదీసేవాళ్ళు. తెలుగు మాట్లాడినందుకు మెడలో పలక వేసిన బళ్ళ కథ మనకు తెలియంది కాదు. 1940లో యనాగి, ఆయన మిత్రులు దీన్ని బహిరంగంగా తప్పుపట్టారు. స్థానిక అధికారులు మండిపడ్డారు. నెలల తరబడి పత్రికల్లో వాదం నడిచింది.

ఇప్పుడు సాకే సంగతికి వద్దాం. చివరి ఏళ్ళలో యనాగి ఎక్కువగా ప్రేమించింది తంబా కుండల్ని. తంబా అంటే కోబే నగరానికి ఉత్తరాన ఉన్న కొండప్రాంతం. అక్కడ తచికుయి అనే ఊళ్ళో వందల ఏళ్ళుగా ఆవాలు వెలుగుతున్నాయి. నీళ్ళ కుండలు, విత్తనాల జాడీలు, సాకే పోసే సన్నమెడ సీసాలు చేశారు. కట్టెల బూడిద ఎగిరి కుండ మీద పడి, ఆ వేడికి కరిగి, ఎవరూ ఊహించని రంగులో జారిపోతుంది. ఆ బూడిద పని తీరును యనాగి మనిషి గొప్పతనం కాదన్నాడు. 1956లో తంబా పాత కుండల మీద పుస్తకమే తెచ్చాడు. ఇవాళ తచికుయిలో యాత్రికులు కూడా మట్టి పట్టుకుని గిన్నెలు చేయొచ్చు.

అదే తంబా రైతులు చలికాలంలో పొలం పని ఉండక నదా తీరంలోని సాకే ఇళ్ళకు వలస వెళ్ళేవాళ్ళు. దాన్ని వంద రోజుల కూలి అనేవాళ్ళు. తోజి అనే పెద్ద మేస్త్రీ కింద గుంపుగా పనిచేయడం. బియ్యం పొట్టు తీయడం, కడగడం, ఆవిరి మీద ఉడికించడం, కోజి అనే బూజును పట్టించి వెచ్చని గదిలో రాత్రంతా కనిపెట్టుకు కూర్చోవడం. ఆ బూజు పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్ట్ చక్కెరను మద్యంగా మారుస్తుంది. సీసా మీద యజమాని పేరుంటుంది, వంద రోజులు ఇల్లు వదిలిన రైతు పేరుండదు. ఆడవాళ్ళను చాలాకాలం ఆ గదుల్లోకే రానివ్వలేదు. మైల అన్నారు. ఈ మాట ఎక్కడ విన్నా మన చెవులు నిక్కపొడుచుకుంటాయి.

ఉపాసకుడు ఆ రుచి చూసే చోటికి వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, తాగకూడదు. ఐదో శీలం, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మనకు స్పష్టంగానే ఉన్నాయి. జపాన్‌లో కొన్ని ఆరామాల్లోనే సాకే తయారైన రోజులున్నాయి. నారా దగ్గరి షోర్యకుజి శుద్ధమైన సాకేకు పుట్టిల్లని చెప్పుకుంటుంది. కొందరు భిక్షువులు దానికి ప్రజ్ఞాజలం అనే అర్థమొచ్చే మారుపేరు పెట్టుకుని తాగేవాళ్ళు. పేరు మారిస్తే మత్తు మారదు కదా. కోజి గది చూడండి, గిన్నె చేతిలో పట్టుకుని చూడండి. కోజి, బియ్యంతో చేసే అమజాకే అనే తియ్యని పానీయంలో మద్యం ఉండదు, అది అడగండి. అయితే సాకే పిప్పితో చేసే అమజాకే కూడా ఉంది, అందులో మద్యం ఉంటుంది కాబట్టి ఏది అని ముందే కనుక్కోండి.

1948 వేసవిలో యనాగి తొయామా ప్రాంతంలోని జోహానాలో జెంతొకుజి అనే ఆరామంలో ఉన్నాడు. అమితాభ బుద్ధుడి 48 ప్రతిజ్ఞలున్న సుఖావతీ వ్యూహం చదువుతూ నాలుగో ప్రతిజ్ఞ దగ్గర ఆగిపోయాడు. తన క్షేత్రంలో అందమైనవాళ్ళు, అందవిహీనులు అనే భేదం ఉన్నంతకాలం తాను బుద్ధత్వం పొందనన్నది దాని సారాంశం. ముప్పై ఏళ్ళుగా తాను వెతుకుతున్నది ఇక్కడ ఉందని ఆయనకు తోచింది. పేద కుమ్మరి గిన్నె ఎందుకు అందంగా ఉంది? మంచి చెడు, పై కింద అనే కొలత పుట్టకముందే అది పుట్టింది కనుక. ఆ తలపుతోనే సౌందర్య ధర్మద్వారం అనే అర్థమొచ్చే చిన్న పుస్తకం రాశాడు. తర్వాత నము అమిదా బుత్సు అనే పుస్తకం, గెంజా అనే నిరుపేద రైతు భక్తుడి జీవితం వచ్చాయి.

మనం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అమితాభుడు వచ్చి ఎత్తుకుని తీసుకెళ్తాడన్న నమ్మకం మనది కాదు. తథాగతుడు మార్గదాత, మోక్షదాత కాదు అని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. ఆ ప్రతిజ్ఞను రక్షణ హామీగా కాక, పై కింద లేని లోకం ఎలా ఉంటుందో చెప్పే కొలతగా చదివితే యనాగి ఆలోచన మనకు దగ్గరవుతుంది. ఆ లోకాన్ని ఆయన గిన్నెల్లో చూశాడు. ఆ లోకం మనుషుల మధ్య రావాలని మన ఆరాటం.

చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది. మంచం మీది నుంచే రాస్తూ ఉన్నాడు. 1957లో ప్రభుత్వం సాంస్కృతిక సేవకు గౌరవించింది. మిత్రుడు కవాయి మాత్రం సజీవ జాతీయ నిధి అనే గౌరవాన్ని, ఇంకా పెద్ద పురస్కారాన్ని కూడా వద్దన్నాడు. క్యోటోలో ఆయన ఇల్లు, ఆవం ఇప్పుడు యాత్రికులకు తెరిచి ఉన్నాయి. హమాదా ఆ గౌరవాన్ని తీసుకున్నాడు. కుండ మీద సంతకం చేయకపోయినా ఆయన కుండలు ఇవాళ లక్షల ధర పలుకుతున్నాయి. పేరు వద్దన్న ఉద్యమమే కొందరికి పెద్ద పేరు తెచ్చిపెట్టింది. యనాగి దీన్ని పూర్తిగా పరిష్కరించుకోలేకపోయాడు. 1961 మే 3న, 72వ ఏట కన్నుమూశాడు.

ఒంతాలో రోకళ్ళు ఇంకా ఆడుతున్నాయి. 1995లో ప్రభుత్వం ఆ పల్లె పనితనాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఆ గుర్తింపు ఏ ఒక్క కుమ్మరి పేరు మీదా ఇవ్వలేదు, ఊరి కుమ్మరులందరి సంఘానికి ఇచ్చింది.